రాణీగారి ముక్కుపుడక

నా దగ్గరికి పాత నాణెం పట్టుకొచ్చే ప్రతి ఒక్కరూ గుమ్మంలోనే అడిగే ప్రశ్న ఒకటి: "ఇది ఎంత పలుకుద్దండీ?" కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తెలీదని చెబుతాను. వాళ్ళకు నా మీదున్న గౌరవం అప్పటికప్పుడు సగం తగ్గిపోతుంది. మిగిలిన సగంతోనే ఉద్యోగ జీవితమంతా నెట్టుకొచ్చాను.

పాత నాణేల స్థితి చూసి, అవి ఏ తరగతివో తేల్చడం నా వృత్తి. విజయవాడలో నాణేలు వేలం వేసే ఒక చిన్న సంస్థలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంటి ముందుగదిలో ఒక టేబుల్ లైటు, ఒక భూతద్దం, ఒక చిన్న త్రాసు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఈ పని నేర్చుకుంటామని ఈమధ్య కొందరు కుర్రవాళ్ళు, అమ్మాయిలు కూడా వస్తున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎవరు శాలువా కప్పారో, ఎన్నిసార్లు జీతం పెరిగిందో ఇందులో ఉండదు. ఈ పని అసలేమిటో చెప్పడానికి నాకు ఒక్క కేసు చాలు. ఆ నాణెం ఏ వేలానికీ రాలేదు. వచ్చినా ఎవరూ చెయ్యెత్తేవారు కాదు.

ధర వేరు, స్థితి వేరు

ముందు పని సంగతి. నాణెం ధర కొనేవాడి ఆశను బట్టి, అమ్మేవాడి అవసరాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. దాని స్థితి ఎవరి ఆశకూ లొంగదు. టంకశాల నుంచి బయటపడ్డప్పుడు ఇది ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, మధ్యలో దీనికి ఏం జరిగింది? ఈ మూడింటికీ జవాబు చెబితే మన పని అయిపోయినట్టే. అరుగుదల అసలు లేనిది పై తరగతి. బొమ్మలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండే చోట్లు, అంటే చెంప, చెవి మీది జుట్టు, కాస్త నున్నబడితే దాని కింది తరగతి. అలా దిగుతూ దిగుతూ, మొహం నీడలా మిగిలి, అక్షరాలు కూడబలుక్కుని చదవాల్సి వస్తే అది అడుగు తరగతి. ఇంగ్లీషులో వీటికి పేర్లున్నాయి. పేర్లు వారం రోజుల్లో వచ్చేస్తాయి. చూపు రావడానికి ఏళ్ళు పడుతుంది.

మన వైపు నాణేలను పాడుచేసినంతగా చింతపండు ఇంకే వస్తువునూ పాడుచేయలేదు. వెండి మీద ఏళ్ళ తరబడి పట్టే నల్లటి పొర నాణేనికి చర్మం లాంటిది. మనవాళ్ళు దాన్ని చింతపండుతో, బూడిదతో, ఇప్పుడైతే దుకాణంలో దొరికే పొడితో ప్రేమగా ఒలిచేసి, "చూడండి, కొత్తదానిలా లేదూ!" అంటూ తెస్తారు. భూతద్దం కింద పెడితే ఒళ్ళంతా సన్నని గీతలు. "శుభ్రం చేయడం కూడా తప్పేనా?" అని కోప్పడతారు. తప్పే. ఈ మాట చెప్పడానికి మొహమాటపడేవాళ్ళు ఈ వృత్తిలోకి రావద్దు.

నేను వయసులో ఉన్నప్పుడు హేతువాద సభల్లో బల్లలు గుద్ది వాదించినవాణ్ణి. అక్కడ నేర్చుకున్న ప్రశ్న ఒకటి ఈ పనిలో రోజూ అక్కరకొచ్చింది: "నీకెలా తెలుసు?" ఒకాయన రాగిబిళ్ల తెచ్చి, అది బియ్యపు గింజల్ని దగ్గరికి లాక్కుంటుందన్నాడు. లోపల్నుంచి గుప్పెడు బియ్యం తెచ్చి బల్ల మీద పోశాను. ఒక్క గింజ కదల్లేదు. ఆయన గింజల్ని చూశాడు, బిళ్లను చూశాడు, చివరికి నన్ను చూసి, "మీవి రేషన్ బియ్యం అనుకుంటా" అన్నాడు. నవ్వుకుని పంపించాను కానీ, అలాంటి బిళ్లకు కోట్లు వస్తాయని చెప్పి కుటుంబాలను ముంచేవాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక కేసు.

బిళ్ల ముందు, కథ తర్వాత

పోయిన శ్రావణంలో ఒక పొద్దున సాంబశివరావు గారు వచ్చారు. మా ఊళ్ళోనే లారీలు తిప్పుతారు. సిమెంటు లోడ్లు. మనిషి మంచివాడే, గొంతు పెద్దది. జేబులోంచి పసుపు గుడ్డ తీసి, విప్పి, ఒక వెండి రూపాయిని నా బల్ల మీద పెట్టారు.

"సార్, ఇది మాది కాదని ఒక ముక్క రాసివ్వండి."

"మీది కానిది మీ జేబులోకి ఎలా వచ్చిందండీ?"

"అదేగా గొడవ! మా మరదలు..."

"ఆగండి," అన్నాను. "మీరు కాసేపు అరుగు మీద కూర్చోండి. నేను బిళ్ల చూశాక మాట్లాడుకుందాం."

ఇది మా యజమాని దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఆయన దాన్ని నేర్చుకున్నది దెబ్బ తిని. గొప్ప చూపున్న మనిషి ఆయన. ఒకసారి ఒక పాత జమీందారీ కుటుంబం వాళ్ళు బంగారు నాణెం తెచ్చి, అది తమ ముత్తాతకు ఏ నవాబు ఎలా బహూకరించాడో ఓపిగ్గా వర్ణించారు. కథ నిజంగా బాగుంది. అది వింటూ, నాణేన్ని తిప్పుతూ, మా యజమాని రెండు తరగతులు ఎక్కువ వేసేశాడు. కొనుక్కున్నాయన నెల తిరక్కుండా వచ్చి నాణేన్ని బల్ల మీద పెట్టి, "నాకు నాణెం ఒక్కటే ఇచ్చారు. కథ కూడా ప్యాక్ చేసివ్వండి, దానికీ డబ్బు తీసుకున్నారుగా!" అన్నాడు. ఆ సాయంత్రమే మా యజమాని గది బయట ఒక బెంచీ వేయించాడు. కథలన్నీ బెంచీ మీద. లోపలికి నాణెం ఒక్కటే రావాలి.

మనుషులు అబద్ధాలు చెబుతారని కాదు. నిజం చెప్పేవాడి కథ కూడా మన చూపును పక్కకు లాగుతుంది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇంకేం మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు.

లైటు పక్కకు వంచి, బిళ్లను అంచుతో పట్టుకుని చూశాను. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయి. బాగా అరిగింది. కిరీటం నున్నగా ఉంది, చెంప నున్నగా ఉంది, జుట్టు పాయలన్నీ కలిసిపోయి ఒక ముద్దయ్యాయి. అడుగు తరగతే. ఇంత అరిగిన మొహం మీద కన్ను మాత్రం ఇప్పుడే నిద్రలేచినంత స్పష్టంగా ఉంది. ముక్కు దగ్గరికి భూతద్దం తెచ్చాను. ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు.

"ఏమైందండీ?" అని అరుగు మీద నుంచి అరిచారు సాంబశివరావు గారు.

"రాణీగారికి ముక్కు కుట్టారండీ!"

ముక్కు పక్కన చిన్న చుక్క, చుట్టూ ఇంకా చిన్న చుక్కలు. ఏడు రాళ్ళ ముక్కుపుడక. ఎన్నో వేల నాణేలు చూశాను కానీ, ముక్కుపుడక పెట్టుకున్న ఇంగ్లండు రాణిని చూడడం అదే మొదలు.

"అదే నేనూ చెప్పేది!" అంటూ లోపలికి వచ్చేశారాయన. "మా అమ్మవారికి ముక్కుపుడక లేదు!"

వంతు

అప్పుడు కథ విన్నాను. సాంబశివరావు గారి నాయనమ్మ కాలం నుంచి వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతానికి ఈ రూపాయినే లక్ష్మీరూపుగా కలశం ముందు పెడతారు. బొమ్మ రాణిదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కిరీటం ఉంది, నగలున్నాయి, ఆడమనిషి. అంటే అమ్మవారే. అన్నదమ్ములు వేరు పడ్డాక బిళ్లకు వంతు పెట్టుకున్నారు. ఒక ఏడు జగ్గయ్యపేటలో అన్నగారింట్లో, ఒక ఏడు నందిగామలో తమ్ముడి ఇంట్లో. వాళ్ళమ్మ రత్తమ్మ గారు కూడా అలాగే, కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ.

కిందటేడు వంతు నందిగామది. వ్రతమయ్యాక బిళ్ల అక్కడే బీరువాలో ఉంది. ఈ ఏడు శ్రావణం రాగానే రత్తమ్మ గారు ఎప్పటిలాగే వెండి సామాన్లన్నిటితో కలిపి బిళ్లను కూడా నందిగామలోనే వీరాచారి అనే వెండి పనివాడికి మెరుగు పెట్టడానికిచ్చి, పని అయ్యాక ఆ సంచీ పళంగా బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చేశారు. ఇక్కడ పెద్దకోడలు అనసూయ గారు సంచీ విప్పితే ముక్కుపుడక బయటపడింది.

సాంబశివరావు గారు వీరాచారికి ఫోన్ చేసి, "బిళ్ల మార్చావా?" అని అడిగారు. "నేనెందుకు మారుస్తానండీ, మూడు తరాల నుంచి మీ వెండి మా చేతుల మీద పోతుంటే!" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆచారి మార్చలేదు, అమ్మ మార్చదు. ఇక మిగిలింది మరదలు, తమ్ముడి భార్య శ్రీలత. అసలు బిళ్లను దాచేసుకుని, బజార్లో ఏదో కొని సంచీలో వేసిందని తేల్చేశారు. తేల్చి ఊరుకోలేదు. కుటుంబం మొత్తం ఉండే వాట్సాప్ గ్రూపులో కిందటేటి వ్రతం ఫొటో, ఇప్పటి బిళ్ల ఫొటో పక్కపక్కన పెట్టి, "మన లక్ష్మిని ఎవరు తీసుకున్నారో ఆ అమ్మవారే చూసుకుంటుంది" అని రాశారు. ఆ ఎవరో ఎవరో అందరికీ అర్థమైంది.

"దేనికి తీసుకుంటుందండీ ఆవిడ?" అన్నాను.

"దేనికేంటండీ! వాళ్ళ షాపు చూడండి, రెండు షట్టర్లయింది. నా రెండు లారీలు ఆగిపోయినయ్."

"ఎందుకాగాయి?"

"ఒకదానికి గేర్ బాక్స్ పోయింది. రెండోదానికి డ్రైవరు మానేసాడు."

"గేర్ బాక్సుకీ బిళ్లకీ ఏమిటి సంబంధం?"

"సంబంధం లేదని మీరు చెప్పగలరా?"

"అంతకుముందు ఏడు బిళ్ల మీ ఇంట్లోనే ఉందిగా. లారీలు బాగా నడిచాయా?"

 "కోదాడ దగ్గర ఒకటి బోల్తా పడిందిలెండి," అని గొణిగారాయన.

ఇలాంటి చోట వాదన గెలిచినంత తేలిక కాదు, మనిషిని మార్చడం. ఆయన బిళ్లను నా దగ్గర వదిలి, "రాసివ్వండి, శుక్రవారం లోపు," అని వెళ్ళిపోయారు.

నందిగామ నుంచి వచ్చినావిడ

మర్నాడు శ్రీలత బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆమెది విత్తనాలు, పురుగుమందుల షాపు. భర్త ఊళ్ళు తిరిగి ఆర్డర్లు చూస్తే, కౌంటర్లో కూర్చునేది ఆమే.

"బాబాయిగారూ, నా గురించి ఏదో రాస్తున్నారంట."

"నీ గురించి కాదమ్మా, బిళ్ల గురించి."

"రెండూ ఒకటే అయినయ్యండీ ఇప్పుడు." కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మాది విత్తనాల షాపు. రైతు ప్యాకెట్ చింపి చూసి కొనడు. మొలకెత్తుద్దో లేదో నెల తర్వాత తెలుస్తది. నా మొహం చూసి కొంటాడు. ఆ మొహం మీద దొంగ అని రాసేస్తే నేను షట్టర్ దించుకోవాల్సిందే. మొన్న మా బంధువే ఒకాయన, పదేళ్ళుగా మా దగ్గరే కొనేవాడు, ఎదురు షాపులో మిరప విత్తనం తీసుకున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. లక్ష్మి ఎవరింట్లో ఉంటే నాకేంటండీ? నా పేరు నాకిప్పించండి."

అంతవరకు నేను ఆ బిళ్లను తమాషాగానే చూస్తున్నాను. ఆ మాటతో ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాను.

"ఇప్పించడం నా చేతిలో లేదమ్మా. బిళ్ల ఏం చెబితే అది రాస్తాను. నీకు వ్యతిరేకంగా చెప్పినా రాస్తాను. ఆలోచించుకో."

"రాయండి. మార్చని బిళ్ల మార్చారని ఎట్టా చెబుద్ది?"

కిందటేడు వ్రతం రోజు తీసిన ఫొటో ఆమె ఫోన్లో ఉంది. అసలు సైజులో పంపమన్నాను. సాంబశివరావు గారు గ్రూపులో పెట్టిందీ ఆ ఫొటోనే. ఒకే ఫొటో ఆయనకు దొంగతనానికి సాక్ష్యం, ఆమెకు నిర్దోషిత్వానికి సాక్ష్యం. ఇద్దరూ చూసింది ముక్కు ఒక్కటే.

అరుగుదలకు పక్షపాతం లేదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మన విద్యంతా ఇక్కడే ఉంది.

అరుగుదల ఎవరి మీదా దయ చూపదు. చెంప అరిగితే ముక్కు కూడా అరగాలి. ముక్కు చెంప కన్నా ఎత్తుగా ఉండదు కానీ, తోమే వేలి నుంచి తప్పించుకునేంత లోతులోనూ ఉండదు. నాణెమంతా నున్నబడి, ఒక కన్ను, ఒక ముక్కు మాత్రం పదునుగా ఉన్నాయంటే అది టంకశాల పని కాదు. తర్వాత ఎవరో ఉలితో చేసిన పని. భూతద్దం కింద అది ఇంకా బాగా తెలుస్తుంది. టంకశాలలో అచ్చు గుద్దినప్పుడు వెండి మెత్తగా పైకి లేస్తుంది. ఉలితో గీస్తే వెండి పక్కకు తోసుకుపోయి, గీతకు రెండు వైపులా సన్నని గట్లు ఏర్పడతాయి. ముక్కుపుడక చుట్టూ ఆ గట్లున్నాయి. అంటే ముక్కుపుడక ఉన్న వేరే బిళ్ల ఏదీ లేదు. ముక్కుపుడక లేని ఒక బిళ్లకు ఎవరో ఈమధ్యనే పెట్టారు.

ఇది సగం జవాబే. ఆ బిళ్ల ఈ కుటుంబానిదేనా, లేక బజార్లో కొన్న బిళ్లకు పెట్టించారా? ఇక్కడ ఆగిపోయి శ్రీలతకు మంచి జరిగిందని సంతోషపడితే నేను మా యజమాని కన్నా పెద్ద తప్పు చేసినవాణ్ణి. మనకు నచ్చిన మనిషికి అనుకూలంగా ఉన్న సగం సాక్ష్యం, జమీందారు గారి కథ లాంటిదే.

అంచు మీది సన్నని గాడుల్లో కుంకుమ ఇరుక్కుని ఉంది. మెరుగు అంత లోతుకు పోలేదు. సంబరపడ్డాను, వెంటనే పక్కన పెట్టేశాను. మన జిల్లాలో పాత వెండి రూపాయి ఉన్న ప్రతి ఇంట్లోనూ దానికి కుంకుమ పెడతారు. ఎవరికైనా వర్తించే సాక్ష్యం ఎవరికీ పనికిరాదు.

అప్పుడు ఫొటో పెద్దది చేసి, మొహం వదిలేసి, చుట్టూ చూశాను. కిరీటం పైన, అంచుకు ఆనుకుని, ఒక చిన్న గరుకు మచ్చ. అది టంకం మచ్చ. ఈ రూపాయికి ఒకప్పుడు కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నారన్నమాట. ఎడమ పక్క అంచు మీద ఒక నొక్కు, దేనికో కొట్టుకున్నట్టు. ఆ నొక్కు కిందే, రాణీగారి వీపు వైపు కాకుండా మొహం ఎదురుగా, ఖాళీ జాగాలో వాలుగా ఒక లోతైన గీత. బల్ల మీది బిళ్లను అదే వాలులో పెట్టాను. టంకం మచ్చ ఉంది. నొక్కు ఉంది. గీత మెరుగుకు కాస్త పలచబడింది కానీ అదే చోట, అదే వాలులో ఉంది. ఒకటి కలిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మూడూ ఒకదానికొకటి అంతే దూరంలో ఉన్న ఇంకో రూపాయి దొరకాలంటే బజార్లో కాదు, కలలో వెతకాలి.

కాగితం తీసి రాశాను: ఇది ఫొటోలోని బిళ్లే. మార్చినది కాదు. మొహం మీద ఈమధ్య ఉలి పని జరిగింది. ఎవరు చేశారో బిళ్లను చూసి చెప్పలేను.

ఆ చివరి వాక్యం రాయగలిగినవాడే ఈ వృత్తికి పనికొస్తాడు.

ఎవరూ అడగని ప్రశ్న

రాసి సంతకం పెట్టాకే వీరాచారికి ఫోన్ చేశాను. ముందే చేస్తే ఆయన మాట నా కంటికి అడ్డొచ్చేది.

"ఆచారి గారూ, రత్తమ్మ గారి రూపాయి మీద ఏం పని చేశారో చెబుతారా?"

 అవతల గొంతులో ఒకటే సంతోషం.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒకరడిగారండీ! పని ఎట్టా ఉందని ఎవరూ ఒక్క మాట అనరేంటా అని చూస్తన్నా. ఆ పెద్దాయనేమో ఫోన్ చేసి మార్చావా అంటాడు. వెండి దొంగిలించానని అంటే నాకు మండదా?"

"ముక్కుపుడక మీరే పెట్టారా?"

"నేనేనండీ. అమ్మవారి మొహం తోమీ తోమీ చదునైపోయింది పాపం. కన్ను కనపడటంలా. రెండు గీతలు తీసి కన్ను తెరిచా. కన్ను తెరిచాక ముక్కు బోసిగా అనిపించింది. శ్రావణమాసంలో అమ్మవారు బోసిముక్కుతో ఉంటే ఏం బాగుంటదండీ? డబ్బులు కూడా తీసుకోలా, నా భక్తి కొద్దీ పెట్టా."

నాణేల మార్కెట్ భాషలో ఇది నేరం. అరిగిన నాణేనికి కూడా ఎంతో కొంత విలువ ఉంటుంది, తిరిగి చెక్కిన దానికి వెండి బరువే. కానీ ఆయన నాణేలు సేకరించేవాళ్ళెవరినీ మోసం చేయడానికి చెక్కలేదు. ఆయనకు అది నాణెమే కాదు. నేను తిట్టడానికి నోరు తెరిచి, "పని సన్నగా ఉందండీ," అన్నాను. నిజమే చెప్పాను. ఏడు చుక్కలూ విడివిడిగా ఉన్నాయి.

చూశారా, ఆయన్ను అడగనే లేదనడానికి లేదు. అడిగారు. మార్చావా అంటే మార్చలేదన్నాడు, నిజమే చెప్పాడు. ఏం చేశావని మాత్రం ఎవరూ అడగలేదు. అనుమానం ముందే పుట్టినవాడు ప్రశ్న వేయడు, తన అనుమానానికి తలూపమంటాడు. మూఢనమ్మకం మీద నాకున్న అసలు కోపం ఇదే. అది జవాబు తప్పు చెబుతుందని కాదు, సరైన ప్రశ్న వేయనివ్వదని.

గ్రూపులో

గురువారం సాయంత్రం అందరం సాంబశివరావు గారింట్లో కూర్చున్నాం. శ్రీలత అక్కడే చెప్పాలని పట్టుబట్టింది. వీరాచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెచ్చుకుంటారన్న ఆశతో వచ్చాడు. నేను రాసింది చదివి, ఫొటోలోని మూడు గుర్తులు, బిళ్ల మీది మూడు గుర్తులు భూతద్దంతో ఒక్కొక్కరికీ చూపించాను.

టంకం మచ్చ దగ్గరికి రాగానే రత్తమ్మ గారు, "అది మా అత్తగారి మెళ్ళో ఉండేదిరా! కొక్కెం ఊడిపోతే పూజలో పెట్టింది," అన్నారు.

"నాకెప్పుడూ చెప్పలేదేమే అమ్మా?" అన్నారు సాంబశివరావు గారు.

"నువ్వు అడిగావా? నేను వచ్చిన కాడ్నించీ అరవటమేగా!"

అనసూయ గారు చాలాసేపు భూతద్దంలోంచి చూసి, "ఇదేనండీ. మనదే," అని మొగుడి వైపు చూశారు. ఆ చూపులో ఆయనకు ఆ రాత్రి భోజనంతో పాటు వడ్డించబోయే మాటలన్నీ ఉన్నాయి.

సాంబశివరావు గారు గొంతు సవరించుకున్నారు. "సరేలే శ్రీలతా, అయిందేదో అయింది. గ్రూపులో పెడతాలే." ఫోన్లో టైపు చేసి పైకి చదివారు: "మన లక్ష్మీరూపు మన దగ్గరే ఉంది. చిన్న పొరపాటు జరిగింది."

"జరగలేదు బావగారూ," అంది శ్రీలత. గొంతు పెంచలేదు. "మీరు చేసారు. బిళ్ల సంగతి ఎవరిక్కావాలి? నా సంగతి పెట్టండి."

 ఆయన నా వైపు చూశారు. నేనేం చేయగలను, నాణేల వరకే నా పని. ఆచారి వైపు చూశారు. ఆయన పైకప్పు చూస్తున్నాడు. చివరికి వాళ్ళమ్మే, "పెట్టరా, చేతులు నెప్పా?" అన్నారు.

ఈసారి టైపు చేయడానికి చాలాసేపు పట్టింది. పెద్ద గొంతు మనిషి, చిన్నగా చదివారు: "బిళ్ల ఎవరూ మార్చలేదు. శ్రీలతను అనుమానించి గ్రూపులో రాసింది నేను. అది నా తప్పు. శ్రీలత తియ్యలేదు."

పంపారు. ఆ గదిలోనే నాలుగు ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి. వంటింట్లో ఇంకోటి. కాసేపటికి శ్రీలత ఫోన్ మళ్ళీ మోగింది. ఆమె చూసి, మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. మొన్న మొహం తిప్పుకున్న బంధువట. అమ్మాయ్, పత్తి విత్తనం వచ్చిందా అని అడుగుతున్నాడట.

"ఏం చెబుతావ్?" అన్నాను.

"వచ్చిందని చెబుతా. రేటు మాత్రం చుట్టాలది కాదు, ఎదురు షాపు రేటే!"

అందరం నవ్వాం. సాంబశివరావు గారు కూడా. వీరాచారికి ఆ నవ్వుతో ధైర్యం వచ్చి, "పోనీ ఇంత గొడవైంది కాబట్టి ముక్కుపుడక తీసేయమంటారా?" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. తీయడమంటే ఇంకాస్త వెండి గీకడమే, ఆ తర్వాత మిగిలేది ముక్కు లేని రాణి. ఆ మాటే చెప్పాను. రత్తమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని, భూతద్దం నా చేతిలోంచి లాక్కుని, తీరిగ్గా చూశారు.

"రాణో, అమ్మవారో, ఆడపిల్లకి ముక్కుపుడక అందమేగా. ఉండనివ్వండి."

అనసూయ గారు బిళ్లను పసుపు గుడ్డలో చుట్టబోతుంటే శ్రీలత చెయ్యి అడ్డం పెట్టింది.

"వచ్చే ఏడు నా వంతు గదా అక్కా. మా ఇంటికి పంపే ముందు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టండి. మొహం ఒకటి, వెనక ఒకటి. అంచు మరిచిపోకండి, అంచు చుట్టూ తీయాలి. మా ఇంటి నుంచి వచ్చేప్పుడు నేనూ అట్టాగే పెడతా. అప్పుడు అమ్మవారు చెవులు కుట్టించుకున్నా నన్నెవరూ అడగరు."